ఐదు ఫోటోల్లోనూ కదిలినవాడు

నా దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. దాని మూత మీద ఒక దొరసాని టీ పోస్తూ ఉంటుంది. రేకు తుప్పు పట్టింది గానీ ఆమె మొహం ఇంకా నిగనిగలాడుతూనే ఉంది. డబ్బా లోపలి ఫోటోల్లో కూడా అందరి మొహాలూ బాగానే ఉన్నాయి, ఒక్క నా స్నేహితుడిది తప్ప.

ఎనిమిదేళ్లలో మేమిద్దరం కలిసి ఆరుసార్లు ఫోటో దిగాం. మా వైపు మనుషులు జన్మలో ఒక్కసారి దిగితే గొప్ప. నా మొహం మీద నాకున్న గౌరవం కొద్దీ, ఎక్కడ మూడుకాళ్ల కెమెరా కనబడితే అక్కడ నేను నిలబడేవాణ్ణి. వాడు నా పక్కన నిలబడేవాడు. ఐదు ఫోటోల్లో మెడ దాకా వాడు వాడే. అంగీ వాడిదే, చేతులు వాడివే, ఒక కాలి మీద బరువేసి నిలబడే సోమరితనం కూడా వాడిదే. మెడ పైన మాత్రం ఒకదాంట్లో ఏకిన దూది, మిగతావాటిలో ఇంకేదో అడ్డం.

ఆరో ఫోటోలో మొహం ఉంది. చిక్కంతా దానితోనే వచ్చింది.

వాడు పోయిన తీరులో చెప్పుకోవడానికి కథేమీ లేదు. కృష్ణ వరదలో వాడెక్కిన పుట్టి మునగలేదు, నల్లమల పులి ఎదురు రాలేదు. విషజ్వరం వచ్చింది, మూడు వారాలు ఉంది, పోతూ వాణ్ణి కూడా తీసుకుపోయింది. పెళ్లి కూడా కాలేదు. ఇంత మామూలుగా పోయినందుకు వాడే సిగ్గుపడి ఉంటాడు. బతికున్నన్నాళ్లు చెరువుకు పోయి స్నానం చేసి వచ్చినా మొసలి కథ ఒకటి మోసుకొచ్చేవాడు.

నాలుగు నెలల తర్వాత వాళ్ల ఊరి మనిషి ఒకతను గద్వాల సంతకు వచ్చి, నేను పంతులుగా ఉన్న చిన్నబడి ముందు నిలబడ్డాడు.

"పెద్దమ్మ నిన్ను ఫోటోల డబ్బ తీసుకొని రమ్మన్నది. మొకం సూడాలంట."

పెద్దమ్మ అంటే వాడి తల్లి. నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

"ఎవరి మొకం?" అన్నాను, తెలియనట్టు.

"నీదైతే గాదు. నీది ఊర్లె అందరు సూసిన్రు. సాలన్నరు."

నవ్వి పంపించాను గానీ ఆ రోజు పిల్లలకు ఎక్కాలు తప్పులు చెప్పాను. ఎందుకంటే ఆరో ఫోటో దిగిన ఐదో నెలలో వాడు పోయాడు. ఆ ఫోటో దిగేలా చేసింది నేను. పెద్దమ్మకు ఫోటో అంటే ఏమిటో నాకు తెలుసు.

వాడికంటే ముందు ఆమెకు ఒక కొడుకు ఉండేవాడట. నాలుగేళ్ల పిల్లవాడు. ఊరు చూడటానికి వచ్చిన దొర ఎవరో వాణ్ణి మేకపిల్లతో సహా నిలబెట్టి ఫోటో తీసుకుపోయాడు. ఆ ఎండాకాలమే పిల్లవాడికి అమ్మవారు పోసింది. మేకపిల్ల బతికింది. ఆ కెమెరా డబ్బాలో మొహం పడబట్టే ఆయువు పోయిందని పెద్దమ్మ తీర్మానించుకొని, రెండోవాడికి బుద్ధి తెలియగానే వాడి చేతిని తన నెత్తి మీద పెట్టించుకొని ఒట్టు వేయించింది. ఎన్నడూ తన మొహం ఆ డబ్బాలో పడనీయనని. ఈ సంగతి వాడు నాకు ఎనిమిదేళ్లు చెప్పలేదు. ఆరో ఫోటో రోజున చెప్పాడు. అంతవరకూ వాడి కదలికలన్నీ కోతి చేష్టలే అనుకున్నాను.

ఇప్పుడు ఆ ఫోటో చూపిస్తే ఆమె దృష్టిలో నేను హంతకుణ్ణి. చూపించకపోతే ఆమెకు కొడుకు మొహం లేదు. ఐదు ఫోటోలు డబ్బాలో పెట్టాను. ఆరోది అంగీ లోపలి జేబులో పెట్టుకున్నాను. అలా రెండు చోట్ల పెట్టుకుంటే నిర్ణయం దానంతటదే జరిగిపోతుందని ఒక ఆశ. ఇటిక్యాల దాకా ఎద్దుల బండిలో పోయి, అక్కడి నుంచి చేన్ల గట్ల మీద నడిచాను.

పెద్దమ్మ వసారాలో కూర్చొని విత్తనానికి పల్లికాయలు ఒలుస్తోంది. నన్ను చూసి ఏడుస్తుందని భయపడుతూ పోయాను. ఆమె ఒక దోసెడు కాయలు నా ముందర పోసింది.

"చెయ్యి ఖాళీగ పెట్టకు. ఒలుచుకుంట మాట్లాడు. పప్పు పలిగిందంటే మొలవదు. పలగ్గొడితివో, నీ ఏలు పలగ్గొడ్త."

కాసేపు ఇద్దరం ఒలిచాం. తర్వాత ఆమె తలెత్తకుండానే అంది.

"కండ్లు మూస్తే వాని మొకం వస్తలేదురా. చిన్నప్పటిది వస్తది, ముక్కు కార్సుకుంట. మీసాలొచ్చిన మొకం వస్తలేదు. నాలుగు నెలలకే మరుస్తరా ఎవరన్న?"

"ముక్కు కారుడు పదేండ్లు ఉండె గద పెద్దమ్మా. మీసాలు మొన్న మొన్నొచ్చినయి. ఎక్కువ సూసిందే యాదికుంటది."

ఒక పల్లి డొప్ప వచ్చి నా నుదుటికి తగిలింది. గురి తప్పలేదు.

"నాకు మాటిచ్చిండు వాడు" అంది. "మాటిచ్చి, నీతోని ఊరూరు తిరిగి ఫోటోలు దిగిండు. నాకు తెల్వదనుకున్నడు. జాతరకు పోయినోళ్లు, పెండ్లికి పోయినోళ్లు, అందరొచ్చి నా చెవుల ఏసిన్రు. నేను ఒక్క మాట అనలే. లోపట లోపట తిట్టుకున్న. ఇప్పుడు గూడ తిడుతనే ఉన్న. ఐతే ఏంది? మొకమైతే సూడాలె. తియ్, డబ్బ."

దొరసాని మూత తీశాను.

మొదటిది వనపర్తి బడిలో దిగింది. మేమిద్దరం అక్కడ మా మేనత్త ఇంట్లో ఉండి మిడిల్ దాకా చదివాం. చివరి ఏడు గద్వాల నుంచి ఫోటో సాయిబును పిలిపించారు. ఈ సాయిబు మా కథలో చివరిదాకా ఉంటాడు కాబట్టి ఆయన పని తీరు ఇక్కడే చెప్పేస్తాను. ఆయన కెమెరాకు ముందర ఇత్తడి మూత ఒకటి ఉండేది. నల్లగుడ్డలో తల దూర్చి, బయటికి తీసి, అందరినీ ఊపిరి బిగబట్టమని, ఆ మూతను పెళ్లిలో హారతి తిప్పినట్టు గాలిలో ఒక చుట్టు తిప్పి తీసేవాడు. "ఏక్... దో... తీన్" అని లెక్కపెట్టి మళ్లీ మూసేవాడు. ఆ మూడు అంకెల మధ్య ఎవడు కదిలితే వాడు చెడ్డాడు. "ఏక్" దాకా నా స్నేహితుడు రాతి బొమ్మ. "దో" అనగానే వాడి తల పెరుగు చిలికే కవ్వం.

ఫోటో అచ్చు వచ్చాక హెడ్మాస్టరు వాణ్ణి గదిలోకి పిలిచాడు. నేను కిటికీ అవతల ఉన్నాను.

"ఇది ఎవరి తల?"

"నాదే సార్."

"ఎక్కడుంది?"

"నా దగ్గరనే ఉంది సార్" అని వాడు తల తడుముకొని చూపించాడు.

"ఎందుకు కదిలించినవ్?"

"ఈగ వాలింది సార్."

"మూడో వరుసలో నీ ఒక్కడి మీదనే వాలిందా ఈగ?"

"మీ మీద గూడ వాలింది సార్. మీరు ఓర్సుకున్నరు. మీరు పెద్దోళ్లు."

ఆయన కొట్టడానికి బెత్తం ఎత్తి, తన ఓర్పును ఎవరో మొదటిసారి గుర్తించినందుకో ఏమో దించేశాడు.

పెద్దమ్మ ఆ ఫోటోను చేయి చాపినంత దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది.

"ఏడున్నడు?"

"ఇగో."

"ఇది మొకమా? పత్తి గింజ లెక్కున్నది."

"కదిలిండు పెద్దమ్మా. ఈగ వాలింది."

"ఇంకోటి తియ్."

రెండోది కురుమూర్తి జాతరలో దిగింది. అమరచింత దాకా బండ్లలో పోయి, అక్కడి నుంచి జనంతో కలిసి నడిచాం. దేవుణ్ణి చూడటానికి పోయినవాళ్లు గుట్ట ఎక్కారు. మేం కింద సాయిబు గుడారం దగ్గర ఆగిపోయాం. ఆయన గుడ్డ మీద ఒక మోటారు కారు బొమ్మ వేయించి నిలబెట్టాడు. దాని వెనుక బల్ల వేసుకొని కూర్చుంటే కారులో కూర్చున్నట్టే పడుతుంది. నేను వెనక సీటులో జమీందారులా కూర్చున్నాను. వాడు డ్రైవరు. సాయిబు వాణ్ణి చూసి రెండు చేతులూ జోడించాడు.

"బేటా, నీ పేరు మీద ఒక ప్లేటు ఖరాబైంది. ఈసారి జర రహం కరో, దయ సూపు."

"ఈసారి కదలను చాచా. ఖసం."

నిజంగానే కదలలేదు. మూత తీసేముందు వెనక్కి తిరిగి కూర్చొని, ఎక్కబోయే జనాన్ని పిలుస్తున్నట్టు చెయ్యి చాపి, అలాగే రాయిలా ఉండిపోయాడు. ఆ ఫోటోలో రోడ్డు చూడకుండా బండి నడిపే డ్రైవరు ఒకడు, ప్రాణభయం లేకుండా మీసం దువ్వుకునే జమీందారు ఒకడు.

పెద్దమ్మ దీన్ని చూసి వేలు పెట్టింది.

"రెండు సుడులు" అంది.

వాడి వెనక తల మీద జుట్టు రెండు చోట్ల తిరిగి ఉంటుంది. అది స్పష్టంగా పడింది. సాయిబు జీవితంలో ఇంత స్పష్టంగా ఇంకేదీ తీసి ఉండడు.

"సూడు, రెండు సుడులు. పుట్టినప్పుడే మంత్రసాని చెప్పింది, వీనికి రెండు పెండ్లిండ్లు అయితయని. నేను మొదటిదానికి పిల్లను సూస్తుంటి. ఒక్కటి గూడ కాలే." పల్లికాయ ఒకటి పటుక్కున ఒలిచింది. "మొకం గాని ఏందిగాని, వెనుక మాత్రం వాడే."

మూడోది నా పెళ్లి ఫోటో. నాగర్‌కర్నూలులో అత్తగారి ఇంటి పందిట్లో దిగింది. వాడు నా తోడుపెళ్లికొడుకు. అప్పటికి సాయిబు కూడా తెలివి మీరిపోయాడు. కర్నూలు నుంచి ఇనుప కొంకి ఒకటి తెప్పించాడు. నిలువు కడ్డీకి పైన రెండు వేళ్లలాంటి పట్టు ఉంటుంది. దాన్ని వెనక నుంచి మెడకు బిగిస్తే తల కదలదు. ముందునుంచి చూసేవాళ్లకు కనబడదు. పెళ్లికొడుకును నేను, కొంకి నాకు వెయ్యాలి. సాయిబు నన్ను దాటిపోయి వాడి మెడకు వేశాడు.

"అబ్ హిల్, బేటా. ఇగ కదులు, సూస్త" అన్నాడు, పళ్లు కొరుకుతూ.

వాడు కళ్లు మాత్రం తిప్పి నా వైపు చూశాడు. ఇప్పుడు అనుకుంటే ఆ చూపులో నిజంగానే భయం ఉందనిపిస్తుంది. అప్పుడు నాకు నవ్వొచ్చింది. సాయిబు మూత తిప్పాడు. ఏక్. తోడుపెళ్లికొడుక్కు ఒక పని ఉంటుంది, ఉక్కపోస్తే పెళ్లికొడుకుకు విసరడం. వాడి చేతిలో తాటాకు విసనకర్ర ఉంది. దో. తల కదలలేదు. విసనకర్ర లేచి వాడి మొహం ముందుకు వచ్చి, అక్కడే దడదడా ఊగడం మొదలుపెట్టింది.

అచ్చు వచ్చాక మా మామగారు దాన్ని గోడకు పెట్టడానికి ఒప్పుకోలేదు. మా ఇంటిది ఇప్పటికీ అంటుంది, "మీ తరఫున వచ్చినాయన మంచోడే, జర గాలి ఎక్కువ" అని.

పెద్దమ్మ దీన్ని ఎక్కువసేపు చూడలేదు. "నీ మొకం సూడు, పెండ్లి నాడు గూడ ఎవర్నో అప్పు అడిగెటట్లున్నవు" అని పక్కన పెట్టింది.

నాలుగోది కొల్లాపూర్ మామిడితోటలో దిగింది. సంస్థానం కచేరీలో పనిచేసే ఒకాయన కొడుకు చేతిలో పట్టేంత చిన్న కెమెరా తెచ్చాడు. దానికి మూత లేదు, లెక్క లేదు. నా స్నేహితుడు తోటలోకి అడుగుపెట్టినప్పటి నుంచి బయటికి వచ్చేదాకా మామిడిపండు మొహం మీద నుంచి దించలేదు. పదకొండు పండ్లు తిన్నాడు. పదకొండోది తినేటప్పుడు వాడి కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. మమ్మల్ని నవ్వించడానికి తింటున్నాడనుకున్నాను.

ఐదోదానిలో వాడు అసలు లేడు. బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున, అదే చిన్న కెమెరా. నేను, మరో ఇద్దరు ఇసుకలో నిలబడ్డాం. "నేను తీస్త, నేను తీస్త" అని వాడే లాక్కున్నాడు. పొద్దు వాడి వీపు వెనక ఉంది. ఫోటోలో మా ముగ్గురి కాళ్ల దాకా ఒక నీడ పాకి ఉంటుంది. మోచేతులు ఎత్తి, తల వంచి, ఒక కాలి మీద బరువేసి నిలబడ్డ నీడ.

"వీడేడి?" అంది పెద్దమ్మ.

నేను నీడను చూపించాను.

ఆమె అప్పుడు పల్లికాయలు పక్కకు జరిపింది. చేతులకంటిన మట్టి కొంగుకు తుడుచుకొని, ఐదు ఫోటోలనూ నేల మీద వరుసగా పరిచింది. పేకముక్కలు చూసినట్టు ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ఒకదాంట్లో కవ్వం, ఒకదాంట్లో వెనక తల, ఒకదాంట్లో విసనకర్ర, ఒకదాంట్లో మామిడిపండు, ఒకదాంట్లో నీడ.

"అన్నిట్ల గిట్లనేనా?"

"అన్నిట్ల."

"ఒక్కదాంట్ల గూడ మొకం పడనియ్యలే?"

జేబులోని ఫోటో నా ఎముకకు గుచ్చుకుంటోంది.

"మాట తప్పలే వాడు" అంది. గొంతు పెంచలేదు. "తప్పిండని నేను ఇన్నేండ్లు తిట్టుకుంటొచ్చిన. నా మాటనే పట్టుకొని తిరిగిండు ఊరూరు. నా మాటనే వాని మొకం తుడిసేసింది. నేనేందిరా గిట్ల జేసుకున్న?"

ఇలాంటి చోట నా నోటికి ఏదో ఒకటి రావాలి. వస్తుందని వెతుక్కున్నాను. విసనకర్ర మీద ఒకటి దొరికింది గానీ చెప్పబుద్ధి కాలేదు. చెయ్యి జేబులోకి పోయింది.

ఆ ఫోటో సంగతి ఇది. సాయిబు కొత్త కెమెరా కొన్నాడు. దానికి మూత తిప్పే పని లేదు. ఒక సన్నని గొట్టం, దాని చివర నిమ్మకాయంత రబ్బరు బుగ్గ. బుగ్గ నొక్కితే లోపల చిటుక్కుమంటుంది, అంతే, కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. దాన్ని చూడగానే నాకూ ఆయనకూ ఒకే దుర్బుద్ధి పుట్టింది. ఎనిమిదేళ్లు ఓడిపోయిన మనిషి కళ్లు ఎలా మెరుస్తాయో ఆ రోజు చూశాను.

వాణ్ణి గద్వాలకు రప్పించి, నా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాను. సాయిబు పాత ఇత్తడి మూతను ఎడమచేత పట్టుకొని కెమెరా ముందు నిలబడ్డాడు. కుడిచెయ్యి వీపు వెనక ఉంది. బుగ్గ ఆ చేతిలో ఉంది. వాడు మూత మీద కన్ను పెట్టి కూర్చున్నాడు, పిల్లి బొరియ మీద పెట్టినట్టు. మూత తిరిగితే తల తిప్పాలి. మూత తిరగలేదు. సాయిబు ఆకాశం చూశాడు, గోడ చూశాడు. వాడికి ఓపిక అయిపోయింది. మెడ ముందుకు చాపి, నోరు తెరిచి అడిగాడు:

"మూత తియ్యవేంది చాచా?"

చిటుక్కుమంది.

సాయిబు బుగ్గను ముందుకు తెచ్చి చూపించి, పడీపడీ నవ్వాడు. నేను స్టూలు మీద నుంచి జారిపోయాను. వాడు నవ్వలేదు. ఎనిమిదేళ్లలో నేను వేసిన ఒక్క ఎత్తు పారితే వాడు నవ్వలేదు. బయటికి పోయి మెట్టు మీద కూర్చున్నాడు. అక్కడ చెప్పాడు, అన్న సంగతి, మేకపిల్ల సంగతి, ఒట్టు సంగతి.

"అరే, నాకు ముందుగాల చెప్పొద్దా?" అన్నాను.

"చెప్తే నవ్వుతవని చెప్పలే."

నిజమే. నవ్వేవాణ్ణే.

"నువ్వు నమ్ముతవా గదంత?"

"ఏమో తెల్వదు. అమ్మ నమ్ముతది" అని తనకు తానే తేరుకున్నాడు. "ఫోటో సంపుతదో లేదో గాని, అమ్మకు తెలిస్తే మాత్రం చీపురుకట్టతోని సంపుతది. దాచిపెట్టు."

దాచిపెట్టాను. ఐదు నెలలు దాచిపెట్టాక వాడు పోయాడు. తర్వాత నాలుగు నెలలు నా నుంచి నేనే దాచిపెట్టుకున్నాను. డబ్బా అడుగున కాగితం కింద ఉండేది. ఫోటోతో మనిషి పోతాడా అని బడిపిల్లలు అడిగితే ఫెడీమని కొట్టేవాణ్ణి. అయినా ఆ కాగితం మాత్రం ఎత్తలేదు.

ఇప్పుడు తీసి పెద్దమ్మ చేతిలో పెట్టాను. పెడుతూ ఒక అబద్ధం కూడా పెట్టాను.

"ఇది ఒకటుండె. చానా పాతది. నాలుగైదేండ్ల కిందిది."

ఆమె చూసింది. చూపుడువేలు వాడి నుదుటి మీద పెట్టి, ముక్కు మీదుగా మీసం దాకా దించింది. పెదవులు మాత్రం కదిలాయి. పల్లికాయల కోసం కోడి ఒకటి వచ్చి, ఎవరూ అదిలించకపోయేసరికి అనుమానంగా నిలబడింది.

"ఎన్నేండ్ల కింద అన్నవ్?"

"నాలుగైదు."

"ఈ అంగీ పోయిన దసరకు కుట్టించిన. దర్జీ ఎడమ చెయ్యి పొట్టి జేసిండని వాడు ఇల్లు ఎగిరి దుంకిండు. ఇగో, పొట్టిగనే ఉన్నది."

నేను కోడిని అదిలించాను.

"ఎప్పుడు దిగిండు?"

అబద్ధం అయిపోయింది. చెప్పేశాను. నెల చెప్పాను, మూత చెప్పాను, బుగ్గ చెప్పాను. నేను, సాయిబు కలిసి చేసింది చెప్పాను. వాడు తన ఇష్టంతో దిగలేదని, మాట తప్పింది వాడు కాదని, నేనే తప్పించానని చెప్పాను. ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టడం కనిపించింది. ఐదో వేలు దగ్గర ఆగింది. నేను కొట్టించుకోవడానికి సిద్ధంగా, కొంచెం వంగి కూర్చున్నాను. చీపురు తలుపు వెనక ఉందని నాకు తెలుసు.

పెద్దమ్మ నేల మీది ఫోటోలను చూసింది. బడి ఫోటో తీసింది, జాతరది తీసింది, పెళ్లిది, తోటది, ఏటి ఒడ్డుది. ప్రతిదాంట్లో ఒకచోట వేలు పెట్టింది. వాడి మీద కాదు.

"ఇది ఎవరి మొకం?"

"నాది."

"ఇది?"

"నాదే."

"ఇది గూడ నీదే. ఇది, ఇది. సాఫ్‌గ పడ్డది. పెండ్లి నాడు పంటి సందున ఇరికిన తమలపాకు గూడ పడ్డది." ఆరో ఫోటోలో వాడి పక్కన కూర్చున్న నా మొహం మీద గోరుతో కొట్టింది. "ఆరుసార్లు పడ్డది. మరి నువ్వెందుకు సావలేదురా?"

నా బతుకులో నన్ను చాలామంది తిట్టారు గానీ ఇంత న్యాయంగా ఎవరూ తిట్టలేదు. చేతికి అందిన పల్లికాయ ఒకటి ఒలిచాను.

"వాని మొకం ఒక్కసారి పడ్డది, పోయిండు. నీది ఆరుసార్లు పడ్డది, పల్లికాయలు ఒలుస్తున్నవు. ఇగ ఆ కెమెరా డబ్బల ఏమున్నదిరా? ఏం లేదు. నేనే ఊకనే..." అని ఆపేసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. గట్టిగా, ఎవరి మీదనో కోపంగా ఉన్నట్టు తుడుచుకుంది. తర్వాత మళ్లీ ఫోటో దగ్గర పెట్టుకుంది.

"నోరు తెరిసి ఏమంటున్నడు?"

"'మూత తియ్యవేంది చాచా' అంటున్నడు."

ఆమె ఫోటోను చెవి దగ్గర పెట్టుకుంటుందేమో, గుండెకు హత్తుకుంటుందేమో అనుకున్నాను. అలాంటిదేమీ చేయలేదు.

"తిక్కలోడు" అంది. "బుగ్గ ఆడ పెట్టుకొని మూత సూసుకుంట కూసున్నడు." ఆ మాట అంటూనే నవ్వింది. నేను వచ్చి అప్పటికి రెండు జాములైంది. నవ్వడం అదే మొదటిసారి.

నేను లేచేటప్పుడు అంది, "నన్ను గూడ ఆ సాయిబు దగ్గరికి తోల్కపో. వానితోని దిగుత."

విత్తనం పని అయ్యాక గద్వాలకు తీసుకుపోయాను. కుర్చీలో కూర్చొని, వాడి ఫోటోను ఒళ్లో నిలబెట్టి పట్టుకుంది. ఎర్ర అంచు చీర, నున్నగా దువ్విన తల, నోరు బిగించుకొని యుద్ధానికి పోతున్నట్టు ఉంది. సాయిబు చెయ్యి అలవాటు కొద్దీ పాత మూత మీదికి పోయింది.

"ఆ ఎకసెక్కాలు నా తాన వద్దు" అంది పెద్దమ్మ. "లెక్క పెట్టి తియ్యి."

సాయిబు గౌరవంగా మూత అవతల పెట్టి, రబ్బరు బుగ్గను అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకొని లెక్కపెట్టాడు. ఏక్. ఆమె కదలలేదు. దో. వాడు ఒళ్లో సరిగా నిలబడ్డాడా, వంకరయ్యాడా అని ఆమె తల వంచి చూసుకుంది. తీన్ అనే సరికి చిటుక్కుమంది.

అచ్చులో ఆమె పాపిట, రెండు పక్కలా నెరిసిన జుట్టు, మెడలో గుండ్లు ఉన్నాయి. మొహం లేదు. ఒళ్లో మాత్రం వాడు నోరు తెరిచి, మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాడు. సాయిబు తలపట్టుకొని ఇంకొకటి దిగమని బతిమాలాడు. ప్లేటు ఖర్చు కూడా తనదే అన్నాడు.

"ఎందుకు? వాడు పడ్డడు గద. సాలు."

ఆయన నన్ను పక్కకు పిలిచి, "ఆ ఇంటోళ్లను మల్ల తేకు బేటా. నా పనితనం మీద నాకే షక్ వస్తుంది" అన్నాడు.

బయట అదే మెట్టు. పెద్దమ్మ దిగుతూ దిగుతూ ఆగింది.

"నువ్వు దిగలేదేందిరా ఇయ్యాల? కెమెరా కనబడితే ఉరికేటోనివి. సావు భయం పట్టుకున్నదా?"

ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "ఈగ వాలింది పెద్దమ్మా" అన్నాను.

ఆమె నా మొహం చూసి, కొంగు చివర నా చేతికిచ్చింది.

"తుడుసుకో. ఈగ బాగ పెద్దదే."